ఎదురక్షరాలు

4వ తేదీ, మంగళవారం

నర్సమ్మ ఈ నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. మా ఆవిడ ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగింది, జ్వరం ఎంత, ఎన్నిసార్లు కక్కింది, అన్నీ రాసిపెట్టమంది. సరే అన్నాను. పక్క మంచం వాళ్ళు వింటున్నారు, అనక ఏం చేస్తాను.

నీళ్ళు మూడు గ్లాసులు. జ్వరం నూటొకటి. కక్కడం రెండుసార్లు.

రాశాను. రాసుకున్నది చూస్తే ఎప్పట్లాగే అన్నీ తిరగబడి ఉన్నాయి. కుడి నుంచి ఎడమకి. అద్దం పెడితే గాని ఇంకొకరికి అర్థం కావు. సాయంత్రం నర్సమ్మ పుస్తకం అడిగితే నోటితో చెప్పేశాను.

"పుస్తకం ఇవ్వు తాతా, నేను ఎక్కించుకుంటా."

"కళ్ళజోడు మర్చిపోయి వచ్చాను. రేపు సరిగా రాసిస్తా."

కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. పాపం ఆ పిల్లకి నా మొహం చూసే తీరిక లేదు. వార్డంతా దగ్గులే.

ఎవరూ చదవలేరు కాబట్టి ఇందులో ఏదైనా రాసుకోవచ్చు. అదొకటి బాగుంది.

5వ తేదీ

నీళ్ళు రెండు. జ్వరం నూటొకటి. కక్కడం మూడు.

నొప్పి ఎడమ పక్కటెముకల కింద. ఆరు రోజులైంది. డాక్టరు కుర్రాడే, రెండు రాత్రుళ్ళు నిద్ర లేనట్టున్నాడు. కడుపులో పుండు అన్నాడు. లోపల చూసే స్కానింగు మిషను చెడి పదిహేను రోజులైందట. గుండె పట్టీ, అదే ఈసీజీ, తీయాలి, ఎక్స్‌రే తీయాలి అన్నాడు. కారం మానాలి అన్నాడు. కారం నేను తింటాను, అది తినదు. చెప్పినా వినలేదు.

కూతురు టైలరింగు షాపు మూసి మధ్యాహ్నం వచ్చింది. రాగానే "ఏం రాస్తున్నావు నాన్నా" అంది. లెక్కలు అన్నాను. "పెద్ద చదువరివైపోయావే" అని నవ్వింది. దాని నవ్వులో ఎగతాళి లేదు. అదే చిరాకు.

నేను పదేళ్ళవాణ్ణప్పుడు స్టాంపులు చెక్కే పనిలో పెట్టారు. బడి మొహం చూడలేదు. మా గురువు తెలుగక్షరాలూ, ఇంగ్లీషక్షరాలూ నేర్పింది రబ్బరు మీదే. రబ్బరు మీద తిప్పి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ఆయన దాన్ని ఎదురక్షరం అనేవాడు. నాకు మాత్రం అదే అసలక్షరం. తిరగబడి ఉన్నవి కాగితం మీద ఉన్నవే. ఒక్కొక్క అక్షరాన్ని మనసులో తిప్పుకుంటూ చదవాలి, ఒక లైను పూర్తయ్యేసరికి మొదటి మాట మర్చిపోతాను. గిరాకీ వాళ్ళు రాసిచ్చింది పల్చటి కాగితం మీద దించి, కాగితం బోర్లించి చెక్కుతాను. అందులో తప్పు రాదు. యాభై ఎనిమిదేళ్ళలో ఎంతమంది ఆఫీసర్ల పేర్లు చెక్కానో, ఒక్క పొల్లు పోలేదు.

పొద్దున్నే పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చుంటాను. వీధిలో నన్ను చదువుకున్నవాడే అనుకుంటారు. నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్ళే అనుకున్నారు.

6వ తేదీ

నీళ్ళు రెండున్నర. జ్వరం నూట ఒకటిన్నర.

ఇవాళ గుండె పట్టీ తీశారు. చేతులకి, కాళ్ళకి, ఛాతీకి వైర్లు తగిలించారు. కాగితం మీద గీత పైకి పోవాల్సింది కిందకి వచ్చిందని డాక్టరు నర్సమ్మని కోప్పడ్డాడు. చేతుల వైర్లు తారుమారు చేశావు అన్నాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చింది. అప్పుడు సరిగ్గా వచ్చింది.

మా ఆవిడ మూలుగుతూనే అంది, "మొదట పెట్టిందే సరిగ్గా పెట్టిందయ్యా. కుడి చెయ్యి ఇవ్వమ్మా అని అడిగి మరీ పెట్టింది, విన్నాను నేను."

నోరు మూసుకో అన్నాను. నీకు మిషన్ల సంగతి తెలుసా అన్నాను.

విన్నాను నేను. దాని మాట తీరే అంత. నేను విన్నాను అనొచ్చుగా. ఊహూఁ, తిరగేస్తుంది. చెప్పాను నేను. వద్దన్నాను నేను. మాటలు అవే, అటుది ఇటు పెట్టేసరికి తప్పు మనదైపోతుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే.

7వ తేదీ

మంచి రోజు. ఒక రకంగా.

ఎక్స్‌రే ఫిల్ము వచ్చింది. డాక్టరు దాన్ని వెలుగు పెట్టెకి తగిలించి చేతులు కడుక్కోడానికి పోయాడు. పోతూ పోతూ, "పెద్దాయనా, నిన్న రెండు ఫిల్ములు కలిసిపోయి గొడవైంది. మూల పేరుంటుంది, ఈవిడదేనా చూడండి" అన్నాడు.

నల్లటి ఫిల్ము, మూల తెల్లటి చిన్న అక్షరాలు. కూతురు నా వెనకే ఉంది. పక్క మంచం ఆవిడ తమ్ముడు, లెక్కల మాస్టారు, ఆయనా చూస్తున్నాడు. సరే, నత్తి నత్తిగానైనా కానిద్దాం అని వంగాను.

గడగడా చదివేశాను. పేరు, ఇంటిపేరు, వయసు అరవై ఆరు, నంబరు. ఒక్క చోట ఆగలేదు. ఎవరో నోట్లో పెట్టినట్టు వచ్చేసింది.

"అంత చిన్న అక్షరాలు ఈ వయసులో చదివారే" అన్నాడు మాస్టారు.

"అక్షరాల్లోనే ముసలివాణ్ణయ్యాను మాస్టారూ" అన్నాను.

డాక్టరు తుడుచుకుంటూ వచ్చి చూశాడు. గుండె ఎడమ పక్కే ఉంది, బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి, పుండే అన్నాడు. రెండు నిమిషాలు పట్టలేదు. ఆయన కోసం ఇంకా పాతికమంది దగ్గుతున్నారు.

ఫిల్ము వెలుగులో అక్షరాలు బాగా కనిపిస్తాయేమో. లేక ఇన్నేళ్ళకి అలవాటైందేమో. ఏదైనా కానీ. చదివాను.

నీళ్ళు ఎన్నో రాయడం మర్చిపోయాను.

8వ తేదీ

నీళ్ళు ఒకటి. జ్వరం నూట రెండు. పుండు మందు పనిచేయడానికి టైము పడుతుందట.

9వ తేదీ

జ్వరం నూట రెండు. నొప్పి వీపు దాకా పాకింది. అరవదు. దుప్పటి అంచు పళ్ళ మధ్య పెట్టుకుంటుంది.

అది కాస్త కునుకు తీస్తే మాస్టారూ నేనూ కిటికీ దగ్గర నిలబడ్డాం. బయట పొగ వీధి మీద పరుపు పరిచినట్టుంది.

"చూశారా మేస్త్రి గారూ, పొగ పైకి పోవట్లేదు. మా అక్క దగ్గంతా దీని వల్లే."

"చలికి."

"చలి ఒక్కటే అయితే ఇలా ఉండదు. మామూలుగా కింద వెచ్చగా, పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది గాలి. ఈ వారం తలకిందులైంది. కింద చలి, పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంది. పొగ దాన్ని దాటలేదు."

"మీ లెక్కల్లో కూడా తలకిందులుంటాయా?"

"ఎందుకుండవు. భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తిరగేసి గుణించడమే."

"ఎందుకు తిరగేయాలి?"

ఆయన కాసేపు పొగనే చూశాడు. "ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పాను. ఎందుకని ఒక్కడూ అడగలేదండీ."

"నేను అడిగానుగా. చెప్పండి."

"అక్కకి మందు టైమైంది" అని జారుకున్నాడు.

కూతురు వింటూ నవ్వుతోంది. దాని పనీ అంతేనట. జాకెట్టు లోపలి పక్క బయటికి పెట్టి కుట్టి, చివర్లో తిప్పేస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మొన్న తిప్పేసి ఉన్నదాన్ని మళ్ళీ తిప్పి ఇస్త్రీ చేసి ఇచ్చిందట. గిరాకీ ఆవిడ కుట్లు బయటికి కనబడేలా వేసుకొని మరీ పోయిందట. నేనూ నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

10వ తేదీ

పొద్దున డాక్టరు కొత్త మందు చీటీ ఇచ్చాడు. కూతురు చేతుల్లో ఫ్లాస్కు, గిన్నెలు. "నువ్వు చదువు నాన్నా, ఎన్నిసార్లు వేయాలో. మొన్న ఫిల్ము మీద గడగడా చదివావుగా" అంది.

చీటీ వంక చూశాను. అక్షరాలు కదిలాయి. మొదటిది తిప్పుకున్నాను, రెండోది తిప్పుకునేసరికి మొదటిది పోయింది. డాక్టర్ల రాత అంతే అన్నాను. కూతురు తీసుకుని చదివింది. చక్కగా అచ్చు వేసిన చీటీ అది. చేత్తో రాసింది కాదు.

అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

అచ్చు చీటీ చదవలేనివాణ్ణి ఫిల్ము ఎలా చదివాను.

ఫిల్ము మీద అక్షరాలు నా అక్షరాలు. ఎదురక్షరాలు. అంటే ఫిల్ము తిరగేసి పెట్టి ఉంది. డాక్టరు ఎడమ పక్కన చూసిన గుండె ఎడమ పక్కన లేదు.

మా ఆవిడ ఎప్పటి నుంచో అంటూనే ఉంది. నా గుండె ఇటు కొట్టుకుంటుందయ్యా అని కుడి రొమ్ము మీద చెయ్యేసి చూపించేది. పెళ్ళయిన కొత్తలో. కూతురు కడుపులో ఉన్నప్పుడు. మొన్న మొన్న కూడా. నీకు కుడి ఏదో ఎడమ ఏదో తెలీదు, అన్నం తినే చెయ్యి ఏదో చూసుకుని చెప్పు అనేవాణ్ణి. చుట్టాల ముందు కూడా అన్నాను. అందరూ నవ్వారు. అదీ నవ్వింది.

వైర్ల సంగతి కూడా. మొదట పెట్టిందే సరి.

డాక్టరుకి చెప్పాలి.

వార్డులోకి వచ్చాడు. చుట్టూ జనం. తొందరలో ఉన్నాడు. నేను చెబితే, నీకెలా తెలుసు అంటాడు. అప్పుడు ఏమనాలి. మాస్టారు అక్కడే ఉన్నాడు, కూతురు అక్కడే ఉంది. నేనేం డాక్టర్నా. పెద్ద చదువులు చదివిన వాళ్ళకి తెలీదా ఫిల్ము ఎటుందో. పుండే అయ్యుంటుంది. ఫిల్ము ఎటు పెడితే పుండుకేం. డాక్టరు తొందరలో ఉన్నాడు. రేపు పొద్దున ఒంటరిగా దొరికినప్పుడు చెప్తాను.

మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఫోనులో మాట్లాడుతున్నాడు.

రేపు చెప్తాను.

నీళ్ళు అర గ్లాసు. జ్వరం నూట రెండున్నర. డాక్టరు నిజంగానే తొందరలో ఉన్నాడు.

11వ తేదీ

తెల్లవారేసరికి దాని పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. నొప్పి తగ్గిందయ్యా అంది. మొహం బూడిద రంగు.

వరండాలో డాక్టరుకి అడ్డం నిలబడ్డాను. కూతురు, మాస్టారు, నర్సమ్మ, అందరూ ఉన్నారు.

"ఆ ఫిల్ము తిరగేసి పెట్టారు సార్."

"ఏ ఫిల్ము? మీరే కదా పేరు చదివారు."

"అందుకే చెప్తున్నాను. సరిగ్గా ఉంటే నేను చదవలేను."

ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. నేను స్టాంపులు చెక్కేవాణ్ణి సార్, నాకు తిరగబడ్డ అక్షరాలే వచ్చు, మామూలు చదువు రాదు. గట్టిగానే చెప్పాను. మెల్లగా చెబితే రెండోసారి చెప్పాల్సి వస్తుంది.

ఫిల్ము తెప్పించాడు. మూల చూశాడు. తిప్పాడు. పరుగున వచ్చి దాని కుడి రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

ఎక్స్‌రే తీసినవాణ్ణి పిలిపించాడు. గుండె అటు పక్క పడిందేమిటి, నేనే తప్పుగా పట్టుకున్నానేమో అని తిప్పి పెట్టి పంపాను సార్ అన్నాడు వాడు. మంచివాడే. సరిచేద్దామనే చేశాడు. నర్సమ్మ చేత వైర్లు మార్పించిందీ సరిచేద్దామనే. మా ఆవిడ ఒక్కతే సరిగ్గా ఉంటే, తలా ఒక చెయ్యి వేసి సరిచేశారు.

డాక్టరు నా పక్కన కూర్చుని చెప్పాడు. కొందరు పుట్టడమే అద్దంలో బొమ్మలా పుడతారట. గుండె కుడికి, కాలేయం ఎడమకి. కాలేయం కింద పసరు తిత్తి ఉంటుంది, అందరికీ కుడి పక్క. ఈవిడకి ఎడమ. నొప్పి ఎక్కడుందో అక్కడే ఉంది రోగం, పుండు కాదు, తిత్తి చీము పట్టింది అన్నాడు. పెద్దాసుపత్రికి అంబులెన్సు చెప్పాడు.

మాస్టారు గేటు దాకా వచ్చాడు. సంచి నా చేతిలోంచి తీసుకుని మోశాడు.

అంబులెన్సులో కూతురు అడిగింది. "మరి రోజూ పేపరు?"

"బొమ్మలు చూసేవాణ్ణి."

"నా పెళ్ళి శుభలేఖ చదివి వినిపించావుగా అందరికీ."

"మీ అమ్మ చేత ముందు చదివించుకుని బట్టీ పట్టాను."

అయితే అమ్మకి తెలుసా అంది. తెలుసు అన్నాను. ఇన్నేళ్ళలో అది ఎవరితోనూ అనలేదు. కూతురు కిటికీ వైపు తిరిగింది.

11వ తేదీ, మళ్ళీ

ఆపరేషనుకి సంతకం కావాలన్నారు. నా సంతకం స్టాంపు జేబులో ఉంటుంది, నేనే చెక్కుకున్నాను, పెన్షను కాగితాలకీ వాటికీ అదే కొడతాను. కౌంటరు ఆయన చెల్లదన్నాడు. చేత్తో పెట్టాలి, రాకపోతే వేలిముద్ర వెయ్యి అని ఇంకు పెట్టె తోశాడు.

వేలిముద్ర వేయను. పెన్ను తీసుకుని నాకు వచ్చినట్టు పెట్టాను.

"ఇదేం సంతకం? కాగితం వెనక నుంచి పెట్టినట్టుంది."

"అది మా నాన్న సంతకమే. పెట్టించుకోండి" అంది కూతురు. దాని గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలీదు.

ఆపరేషను చేసే డాక్టరమ్మ నలభై ఏళ్ళ మనిషి. చేతులు గాల్లో పెట్టి కత్తి పట్టుకున్నట్టు అటూ ఇటూ ఆడిస్తోంది. నన్ను చూసి ఆపింది.

"మీరేనా స్టాంపులు చెక్కేది? ఇలాంటి మనిషికి నేను ఇదే మొదటిసారి చేయడం. బల్లకి అవతలి పక్క నిలబడాలి, అంతా తిప్పి ఆలోచించాలి. మొదట్లో మీకెలా అలవాటైంది?"

"తిప్పి ఆలోచించకండమ్మా. ఆలోచిస్తే చెయ్యి తప్పుతుంది. ఇదే సరైనది, మిగతా లోకమంతా తిరగబడి ఉంది అనుకోండి. అప్పుడు జారదు."

నవ్వలేదు ఆమె. తలూపి లోపలికి పోయింది.

12వ తేదీ

బతికింది. మూడున్నర గంటలు పట్టింది. తిత్తి లోపలే పగిలి చీమంతా పొట్టలోకి పాకిందట. కడిగారు. గొట్టాలు పెట్టారు. ఇంకా చాలా రోజులు పడుకోవాలి, మళ్ళీ కోయాల్సి రావచ్చు, ఇదివరకటి మనిషి అవుతుందని చెప్పలేను అంది డాక్టరమ్మ.

"నిన్న తెల్లవారుజామున పగిలి ఉంటుంది. మొన్న తీసుకొచ్చినా ముప్పావుగంట పని, నాలుగు రోజుల్లో ఇంటికి పోయేది. పాపం, ఎవరికి మాత్రం తెలుస్తుంది" అంది.

మొన్న పదో తేదీ.

13వ తేదీ

నీళ్ళు ఇవ్వొద్దన్నారు.

14వ తేదీ

నీళ్ళు లేవు. పెదాలకి తడిగుడ్డ.

కూతురు అందరికీ చెబుతోంది, మా నాన్న కనిపెట్టకపోతే అమ్మ దక్కేది కాదు అని. నర్సులు వచ్చి నన్ను చూసిపోతున్నారు. తాత కనిపెట్టాడట అని.

15వ తేదీ

డాక్టరు తొందరలో ఉన్నాడు. పదో తేదీన నిజంగానే ఉన్నాడు. మధ్యాహ్నం ఫోనులో మాట్లాడుతున్నాడు. ఫోను ఎంతసేపు మాట్లాడతారు ఎవరైనా.

18వ తేదీ

నీళ్ళు నాలుగు చెంచాలు. జ్వరం తొంభై తొమ్మిది. మాట వచ్చింది. మొదటి మాట, ఇంటి తలుపు గడియ పెట్టావా.

20వ తేదీ

రెండోసారి కోయక్కర్లేదన్నారు. కూర్చోబెట్టారు. దాని కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. పక్కబట్టల నిండా మందుల వాసన.

కూతురు నా సంగతి గొప్పగా చెప్పింది దానికి. అది నా వంక చూస్తూ విన్నది. కూతురు బయటికి పోయాక అంది, "చదువు రాదని నలుగురిలో చెప్పావటగా. నా కోసం."

అప్పుడు ఊరుకుని ఉండొచ్చు. ఊరుకుంటే సరిపోయేది.

"ముందు రోజే తెలిసింది నాకు" అన్నాను.

"ఏం తెలిసింది?"

"ఫిల్ము సంగతి. పదో తేదీ పొద్దున్నే తెలిసింది. నీ గుండె సంగతీ తెలిసింది. సిగ్గేసి చెప్పలేదు. మర్నాడు చెప్పాను. ఆ మధ్యలోనే పగిలింది."

గొట్టంలో నీళ్ళు చుక్క చుక్క పడుతున్నాయి, అది వాటినే చూసింది.

"ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్పావు?"

"చెప్పాలనిపించింది."

"నీ బరువు దించుకోడానికి చెప్పావు."

కాదనలేదు నేను.

"నేను మోయలేనయ్యా ఇప్పుడు. కుట్లు ఇంకా ఆరలేదు" అంది. కోపంగా అనలేదు. సంచి మోయలేనని చెప్పినట్టే అంది. "నీ దగ్గరే పెట్టుకో."

సరే అన్నాను. అది అటు తిరిగి పడుకుంది. నేను దుప్పటి సర్ది స్టూలు మీద కూర్చున్నాను.

23వ తేదీ

నీళ్ళు రెండు గ్లాసులు. జ్వరం లేదు. ఆ బరువు నా దగ్గరే ఉంది.